పదకొండో క్లాజు

ఎనేబ్లింగ్ అంటే ఏమనాలి, వీలు కల్పించే అనాలా, దారి తెరిచే అనాలా, వీలు కల్పించే చట్టం అంటే ఎవరికండీ వీలు అని వెనక వరసలోంచి ఎవరో ఒకరు అడుగుతారు, అడిగితే తప్పేముంది, మైకు పట్టుకుని నిలబడ్డ తనకే తెలియడం లేదు, అనుకుంటూ లక్ష్మీప్రసన్న నోరు తెరిచేలోపే కమిటీ చైర్మన్ గారు ఇంకో వాక్యంలోకి వెళ్ళిపోయారు, ఈయన వాక్యాలకి మొదలుంటుంది గానీ చివరుండదు, హమ్మయ్య అయిపోయింది అనుకునేసరికి నాట్‌విత్‌స్టాండింగ్ అంటూ మళ్ళీ లేస్తుంది, రామచంద్రపురం డిగ్రీ కాలేజీలో ఇన్నేళ్ళుగా ఇంగ్లీషు చెబుతోంది, పిల్లలెవరైనా ఇలాంటి వాక్యం రాస్తే ఎర్ర సిరాతో మూడు ముక్కలు చేసి మొహాన కొట్టేది, ఇక్కడ ఎర్ర సిరా లేదు, చెమటకి చేతిలోంచి జారిపోతున్న మైకు ఉంది, ఆ మైకు కూడా ప అన్నప్పుడల్లా టపాకాయలా పేలుతోంది, పార్లమెంటు అనాలంటే భయంగా ఉంది, పంట అనాలన్నా భయంగానే ఉంది, ఇవి రెండూ లేకుండా ఈ బిల్లు గురించి ఏం చెప్పగలదు, విదేశాల్లో మన వ్యవసాయ సరుకుకి మార్కెట్లు పెంచే బిల్లట, పార్లమెంటు కమిటీ ఊరూరా తిరిగి రైతుల అభిప్రాయాలు వింటుందట, రావులపాలెం కూడా వస్తోంది మేడమ్, అనువాదానికి మీరైతేనే బాగుంటుందండి అని ఏర్పాట్లు చూస్తున్న ఆఫీసరు ఉదయ్‌భాస్కర్ ఫోన్లో బతిమాలాడు, సరేనంది, ఎందుకంది, అప్పుడు ఆయన కల్యాణమండపంలో ఏసీ ఉంటుందన్నాడు, ఏసీ లేదు, కరెంటే లేదు, బయట జనరేటరు ట్రాక్టరులా మొత్తుకుంటోంది, అది ఫ్యాన్లకి చాలదుట, మైకుకి మాత్రమేనట, నిన్న ఇక్కడ పెళ్ళి జరిగినట్టుంది, వేదిక వెనక థర్మకోలు అక్షరాల్లో పెళ్ళికొడుకు పేరూ పెళ్ళికూతురి పేరూ పీకేశారు, మధ్యలో వెడ్స్ అన్న ముక్క మిగిలిపోయింది, సరిగ్గా దాని కింద నలుగురు ఎంపీలు ఒకే వరసలో కూర్చుని కొబ్బరినీళ్ళు తాగుతున్నారు, ఉదయ్‌భాస్కర్ వెనకనుంచి ఆమె చెవి దగ్గరికి వంగి, క్లుప్తంగా మేడమ్, క్లుప్తంగా, రాజమండ్రిలో భోజనాలు చల్లారిపోతాయండి అంటాడు, ఇప్పటికి ఎన్నిసార్లన్నాడో, క్లుప్తంగానట, ఆ మాట ఆ పెద్దమనిషికి చెప్పొచ్చుగా, ఆయనకి చెప్పే ధైర్యం లేక తనకి చెబుతున్నాడు, సరే నాయనా, నీ పులిహోర చల్లారనివ్వను అని ఆమె, తొమ్మిదో క్లాజు నుంచి పన్నెండో క్లాజు దాకా విధివిధానాలున్నాయండి అని ఒక్క ముక్కలో తేల్చేసింది, చైర్మన్ గారు ఆ నాలుగింటినీ చదవడానికి ఒక కొబ్బరిబొండం ఖర్చుపెట్టారు, జనం తువ్వాళ్ళతో విసురుకుంటున్నారు, ముందు వరసలో ఒకాయన మాత్రం తల పక్కకి వంచి ఇంకా ఏదో రావాలన్నట్టు ఆమెకేసే చూస్తున్నాడు, ఆ ఒకాయన నాన్న.

నాన్న వస్తాడనుకోలేదు, వస్తున్నానని చెప్పనూ లేదు, చెప్పడానికి మాటలుంటేగా, పోయిన ఆదివారం నుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు, అమ్మ ఫోన్ చేస్తే వెనకనుంచి దగ్గు వినిపిస్తుంది అంతే, ఇక్కడేమో ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడ్డం గీయించుకుని, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా ముందు వరసలో కూర్చున్నాడు, జోగేశ్వరరావుగారూ ఇటు రండి ఇటు రండి అని ఎవరో కుర్చీ ఇచ్చి ఉంటారు, ఆయన మొహమాటపడకుండా కూర్చుని ఉంటాడు, ఈ వయసులో ఆయనకి దుబాయి ఎగుమతులు ఎందుకు, తెల్లారగట్ల లేచి తోటకి వెళ్ళి, గెలలు సైకిలుకి కట్టుకుని ఇక్కడి మార్కెట్‌యార్డుకి తెచ్చుకోవడం, అమ్ముకోవడం, ఇంటికెళ్ళి చద్దన్నం తినడం, హాయిగా జరిగిపోతోంది కదా, మోకాళ్ళు నొప్పి పుట్టాక సైకిలు పోయి ఆటో వచ్చింది అంతేగా తేడా, మరి ఆ కంపెనీవాడు ఎక్కడ పట్టుకున్నాడో, టై కట్టుకుని వచ్చాడు, ఆ ఎండలో టై, చక్కెరకేళి విదేశాలకి పనికిరాదండి, తొక్క పల్చన, మచ్చ పడుతుంది, ఇదంతా పీకించేసి మా లాబ్‌లో పెంచిన పచ్చారటి మొక్కలు వేసుకోండి, కొత్త చట్టం వస్తోంది, ఓడలే మీ గట్టు దగ్గరకొస్తాయి అన్నాడు, ఓడలు గట్టు దగ్గరకి, తోట పక్క కౌశిక కాలవలోకి, నాన్న నవ్వలేదు, అదే ఆమెకి ఒళ్ళు మండింది, మామూలుగా అయితే ఇలాంటివాణ్ణి నవ్వుతూనే నాలుగు మాటల్లో సాగనంపేవాడు, ఆ రోజు నవ్వకుండా లోపలికి వచ్చి, అమ్మా ప్రసన్నా, ఇక్కడో సంతకం పెట్టాలమ్మా అన్నాడు, తోట మధ్యలో రెండెకరాలు ఆమె పేరుమీద ఉంది మరి, అమ్మ పుట్టింటివాళ్ళు కొనిచ్చింది, అమ్మ పట్టుబట్టి కూతురి పేరున రాయించింది, చుట్టూ నాన్న భూమే, మధ్యలో గట్టు కూడా లేదు, పీకితే మొత్తం పీకాలి, ఉంచితే మొత్తం ఉంచాలి, ఆమె కాగితం చదవనైనా చదవకుండా వద్దంది, ఏం అన్నట్టు చూశాడు, వద్దంటే వద్దు నాన్నా అంది, ఆయన పెన్నుకి మూత పెట్టుకుని, ఆ కంపెనీవాణ్ణి గేటు దాకా దింపి రావడానికి వెళ్ళిపోయాడు, ఎందుకూ అని ఒక్క మాట అడగలేదు, అడిగితే చెప్పేది కదా, ఏం చెప్పేది, అదంతా వేరు, అసలు విషయం ఏమిటంటే ఇవాళ పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి, మీ నాన్న నీ రెండెకరాలూ వదిలేసి మిగతాది పీకిస్తాడటే, ఎల్లుండి ట్రాక్టరు చెప్పాడు, మధ్యలో నీ ముక్క ఒక్కటీ చక్కెరకేళి ఉంటుందిట, నేను ఎవరికి చెప్పనే అంది, అమ్మ నాగరత్నమ్మగారు ఇంకెవరికీ చెప్పుకోలేక కూతురికి చెప్పింది, కూతురు ఇక్కడ నిలబడి ఓడలు గట్టు దగ్గరికి తెచ్చే చట్టాన్ని తెలుగులో పెడుతోంది, ఇంతకన్నా చిరాకైన పని ఏదైనా ఉంటుందా.

మధ్యాహ్నం కావస్తోంది, ఇప్పుడు రైతులు మాట్లాడాలన్నారు చైర్మన్ గారు, అదీ రెండు మాటల్లో, అప్పటిదాకా తాను మాట్లాడినదంతా ఏ లెక్కలోకి వస్తుందో, చిట్టియ్య అని ఒక గోదావరి లంకరైతు లేచి, అయ్యా దుబాయి అయితే ఎంత దూరమండి, మా గెల పొద్దున్న కొడితే మర్నాటికి మెత్తబడతదండి, ఏర్పాటేంటండి అన్నాడు, ఎంత మంచి ప్రశ్న, ఆమె ఒక్క ముక్క పోకుండా ఇంగ్లీషులో చెప్పింది, చైర్మన్ గారు తలూపి, అప్రోప్రియేట్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ షల్ బి పుట్ ఇన్ ప్లేస్ అన్నారు, తగిన ఏర్పాట్లు చేస్తారటండి అని చెబుతుంటే ఆమెకే సిగ్గేసింది, చిట్టియ్య ఆయ్ అని కూర్చుని పక్కాయనతో, ఏం చెప్పేడంటావ్ అన్నాడు, అంతలో చైర్మన్ గారు తన మైకు మీద అరచెయ్యి పెట్టి పక్కనున్న ఎంపీవైపు వంగారు, ఇంగ్లీషులోనే, వీళ్ళ ప్రాంతానికి ఈ బిల్లులో ఏమీ లేదు, ఇది ఎనేబ్లింగ్ చట్టం మాత్రమే, రేవు దగ్గర కోల్డ్ స్టోరేజీలు కట్టాలంటే వేరే చట్టం కావాలి, పదేళ్ళు పడుతుంది, అప్పటికి మీరుంటారో నేనుంటానో అని నవ్వారు, నవ్వుతూ తలెత్తి, ఆమె వింటోందని గమనించి, మేడమ్, ఇది అనువదించనక్కర్లేదు అన్నారు, మర్యాదగానే అన్నారు, మంచినీళ్ళు అక్కర్లేదు అన్నంత మర్యాదగా, ఆమె కూడా మర్యాదగానే తలూపింది, పదేళ్ళు, పదేళ్ళు అంటే నాన్నకి ఎన్నేళ్ళొస్తాయి, వద్దు లెక్కెయ్యకు, నీ పని వాళ్ళు చెప్పింది చెప్పడం, చెప్పొద్దన్నది చెప్పకపోవడం కూడా నీ పనేనా, అలాగని ఎవరన్నారు, ఎవరూ అనలేదు, ఉదయ్‌భాస్కర్‌కి ఇంగ్లీషు వచ్చు, ఆయనా విన్నాడు, నేల చూపులు చూస్తున్నాడు, అంటే ఈ హాలంతటికీ తెలియని మాట వేదిక మీద ఉన్న ఇంతమందికి తెలుసు, ఎల్లుండి ట్రాక్టరు, పిలకలతో సహా తిరగేస్తుంది, ఒకసారి తిరగేశాక చక్కెరకేళి మళ్ళీ నిలబెట్టడానికి ఎన్నాళ్ళు పడుతుందో నాన్నకే బాగా తెలుసు, నాన్న ముందు వరసలో చేతులు కట్టుకుని నమ్మకంగా కూర్చున్నాడు, ఆ నమ్మకం చూస్తే కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు, ఎవరిమీదైతేనేం, కోపం మైకు దాకా వచ్చేసింది, చైర్మన్ గారు ఇంకో మాట కూడా అన్నారండీ అంది, అనేసింది, ఈ బిల్లులో మన ప్రాంతానికి ప్రస్తుతం ఏమీ లేదట, ఇది దారి తెరవడానికి మాత్రమేనట, ఆ దారి మీద నడవడానికి వేరే చట్టం రావాలట, అది రావడానికి పదేళ్ళు పడుతుందట, అప్పటికి తామైనా ఉంటారో లేదో అన్నారండి, ప అన్నప్పుడు మైకు పేలింది, పదేళ్ళు అన్న మాట హాలంతా రెండుసార్లు వినిపించింది.

కుర్చీలు కదిలాయి, ఏంటండి ఇది, మరెందుకు పిలిచేరండి, పని మానుకుని వచ్చేం, కంపెనీవాళ్ళు మాకు ఈ ఏడాదే అన్నారండి, ఎవడాడు, పేరు చెప్పండి, అని నాలుగువైపులనుంచి లేచారు, చైర్మన్ గారు నవ్వు మొహంతోనే అటూ ఇటూ చూసి, వాట్ డిడ్ యు టెల్ దెమ్ అన్నారు, మీరన్నదే చెప్పాను సార్, క్లుప్తంగా అంది ఇంగ్లీషులో, ఉదయ్‌భాస్కర్ ఎవరో కాలు తొక్కినట్టు మొహం పెట్టాడు, పెట్టనీ, నా ఉద్యోగమా ఇది, ఉద్యోగం కాదు కాబట్టే నోరొచ్చిందా, కాలేజీలో ప్రిన్సిపాలు ముందు ఎప్పుడైనా ఇలా అన్నావా, అనలేదు, భయంగానూ ఉంది, ఒక పక్క హాయిగా కూడా ఉంది, పొరుగింటి గొడవలో గొంతు చించుకున్నాక వచ్చే హాయి, ఇప్పుడు నాన్నకి తెలిసింది, ఇక ట్రాక్టరు రాదు, తాను గెలిచింది, అవును ఆ మాటే అనుకుంది, గెలిచింది, అని ముందు వరసకేసి చూసేసరికి నాన్న లేచి నిలబడి ఉన్నాడు, మిగతావాళ్ళలా అరవడం లేదు, తన వంతు వచ్చేదాకా ఆగేవాడిలా చెయ్యెత్తి నిలబడ్డాడు, ఈయనేదో అంటారు ఆగండర్రా అని వెనకవాళ్ళే సద్దుమణిగారు.

నమస్కారమండి, నాకు పదేళ్ళైనా పర్లేదండి అన్నాడు నాన్న, అయిపోయింది, మొదలెట్టాడు, ఇప్పుడు తాతల కాలం నుంచి చెబుతాడు, నేనిది ఎలా ఇంగ్లీషులో పెట్టాలి అని ఆమె కళ్ళు మూసుకుంది, మూసుకున్న కళ్ళ వెనక నాన్న గొంతు నెమ్మదిగా వినిపిస్తోంది, ఓడ వచ్చినా రాకపోయినా అది మీ చేతుల్లో లేదని మీరే చెప్పేరు, మంచిదండి, నేను వచ్చింది ఇంకో దానికి, ఈ చట్టంలో పదకొండో క్లాజని ఒకటుందని పేపర్లో వేశారండి, మన సరుకు వాళ్ళు కాదన్నప్పుడు ఎందుకు కాదన్నారో రైతుకి రాసివ్వాలని, అది మేడమ్ గారు చెప్పకుండా వదిలేశారు, ఉందా లేదా అండి, మేడమ్ గారు, అలాగే అన్నాడు, పరాయి మనిషిని అన్నట్టు, ఎత్తిపొడుపు కూడా లేదు అందులో, నలుగురిలో కూతురని చెప్పుకుంటే తన మాట పల్చనవుతుందని కాబోలు, ఆమె మైకు దగ్గరికి తీసుకుని, ఉందండి అంది, చైర్మన్ గారిని అడగకుండానే అంది, తొమ్మిది నుంచి పన్నెండు దాకా విధివిధానాలు, వాటిలో పదకొండోది అదే, ఆమె రాత్రి చదివింది, చదివి దాటేసింది, ఉంటే అది ఇక్కడి యార్డుకి కూడా పెట్టండి అన్నాడు నాన్న, దుబాయికి తర్వాత పెడుదురుగాని, నేను పెళ్ళి కాకముందునుంచి ఇక్కడికి గెలలు తెస్తున్నానండి, కొనేవాడు వస్తాడు, కాయ మీద బొటనవేలు నొక్కుతాడు, ఒక్కోసారి తీసుకుంటాడు, ఒక్కోసారి వద్దు అని పక్క గెల దగ్గరికి పోతాడు, ఎందుకొద్దో చెప్పడండి, మచ్చుందా, కాయ వంకరా, నిన్న వాన పడిందనా, నా మొహం నచ్చలేదా, ఏదో ఒకటి చెబితే ఇంటికెళ్ళి సరిచేసుకుంటాను కదా, రేపు ఇంకోలా పెంచుతాను కదా, ఏమీ చెప్పకుండా వద్దంటే ఆ వద్దు పట్టుకుని నేనేం చేసుకోవాలండి, ఇంటికెళ్ళేదాకా అదే ఆలోచన, అన్నం దగ్గరా అదే, మా ఇంటిది అడుగుతుంది ఏమయిందని, ఏం చెప్పను, అంచేత ఆ కాగితం ఇచ్చే దేశమేదో ఉంటే నా తోట దానికే వేసుకుందామనుకున్నానండి, అంతే, ఇంకేం లేదు, అని నాన్న ఆగాడు, ఆమెకేసి చూశాడు, అనువాదం చెయ్యమని, ఇందాక చిట్టియ్య మాటలు ద ఫార్మర్ సేస్, ద ఫార్మర్ ఫీల్స్ అని నెట్టుకొచ్చింది, ఇప్పుడు ఆ ఫార్మర్ ముందుకి రావడం లేదు, ఐ అని మొదలైంది, ఐ హావ్ బీన్ బ్రింగింగ్ మై బనానాస్ టు దిస్ యార్డ్ సిన్స్ బిఫోర్ ఐ వజ్ మ్యారీడ్, అని నాన్న మాటలన్నీ తనవైనట్టు చెబుతూ పోయింది, బొటనవేలు దగ్గరకి వచ్చాక తన బొటనవేలు కూడా గాలిలో నొక్కింది, చైర్మన్ గారు మొదటిసారి కొబ్బరిబొండం పక్కన పెట్టి విన్నారు, విన్నాక, వెరీ వాల్యుబుల్ పాయింట్, కానీ స్థానిక మార్కెట్లు ఈ బిల్లు పరిధిలోకి రావు అన్నారు, స్థానిక మార్కెట్లు ఈ బిల్లు పరిధిలోకి రావటండి అంది ఆమె, నాన్న తలూపి, ఎందుకు రావండి అన్నాడు, వై నాట్, సర్, అంది ఆమె, చైర్మన్ గారు వాచీ చూసుకున్నారు, ఉదయ్‌భాస్కర్ వందన సమర్పణ మొదలెట్టాడు.

కమిటీ కార్లు రాజమండ్రి దారి పట్టాయి, దుమ్ము కల్యాణమండపం మెట్ల మీద దిగుతోంది, ఉదయ్‌భాస్కర్ ఆమెకేసి చూడకుండా కారెక్కాడు, ఇక మళ్ళీ పిలవడు, ఎందుకు పిలవలేదో కూడా చెప్పడు, రైతులు గుంపులుగా మాట్లాడుకుంటూ పోతున్నారు, కొందరు నాన్న భుజం తడుతున్నారు, బాగా అడిగేరండి జోగేశ్వరరావుగారూ, ఏం చెప్పలేకపోయేడు చూసేరా, అంటున్నారు, నాన్న ఆయ్ ఆయ్ అంటూ చెప్పులు వెతుక్కుంటున్నాడు, ఈ మనిషి మీద ఇంకా చిరాగ్గానే ఉంది, ఇంత మాట కడుపులో పెట్టుకుని ఆదివారం ఎందుకు నోరు విప్పలేదు, ఓడలూ దుబాయీ అనుకుని తాను వారమంతా పళ్ళు నూరుకుంది, ఇదీ సంగతి అని చెబితే ఏం పోయింది, చెప్పేలోపే వద్దన్నావు కదే, వద్దంటే వద్దు అని కూడా అన్నావు, కాగితం ముట్టుకోలేదు, బొటనవేలు కూడా నొక్కలేదు నువ్వు, పెన్నుకి మూత పెట్టుకుని వెళ్ళినప్పుడు ఆ మొహం కోపం అనుకున్నావు, యార్డులోంచి ఇంటికొచ్చిన రోజు మొహం అది, చిన్నప్పటినుంచి చూసిందే, ఎదురుగా ఉన్నా పోల్చుకోలేదు, నాన్నా అని పిలిచింది, ఆయన ఒక చెప్పు తొడుక్కుని తలెత్తాడు, గొంతు బానే పలికిందమ్మా మైకులో, ఆ ఇంగ్లీషు నాకు తెలియకపోయినా తెలుస్తూనే ఉంది అన్నాడు, దెబ్బలాడతాడనుకుంది, ఇలా అన్నాడు, ట్రాక్టరు ఎల్లుండేనా అంది, వద్దులే, చెప్పేస్తాను వాడికి, ఓడే పదేళ్ళ దూరంలో ఉంటే వాళ్ళ పదకొండో క్లాజు కూడా అంతేగా, ఆగేదేదో చక్కెరకేళితోనే ఆగుతాను అన్నాడు, ఇక అయిపోయింది, ఆమె అనుకున్నట్టే అయింది, తోట ఉంటుంది, బస్సెక్కి రామచంద్రపురం వెళ్ళిపోవచ్చు, కానీ కాళ్ళు కదల్లేదు, ఇప్పుడైనా ఈయన ఎందుకూ అని అడగడు, ఇంతసేపూ ఎంపీలని అడిగిన మనిషి కన్నకూతుర్ని అడగడు, యార్డులో కొనేవాణ్ణి అడగనట్టే, అడిగితే ఇంకోసారి ఆ గెలకేసి చూడనైనా చూడడేమోనని, నేను ఆ రోజు వద్దన్నది ఎందుకంటే నాన్నా అని మొదలెట్టింది, మొదలెట్టి ఆగింది, ఎందుకు, తొక్క పల్చన అనా, కంపెనీ మోసం అనా, చట్టం ఏమవుతుందో తెలియదనా, ఇవన్నీ తర్వాత వెతికి పెట్టుకున్నవి, వారం రోజులు బస్సుల్లో కూర్చుని తయారుచేసుకున్నవి, ఆ నిమిషంలో ఉన్నది ఇవేవీ కావు, వాడికి టీ ఇప్పించి, తోటంతా తిప్పి చూపించి, అన్నీ నిర్ణయించుకుని, చివర్లో సంతకానికి నన్ను పిలిచావు, ముందు నన్ను అడగలేదు, అందుకు, అంతే నాన్నా, అది తప్ప ఇంకేమీ లేదు అంది, ఇంత వయసొచ్చి ఎండలో నిలబడి చిన్నపిల్లలా అలా చెప్పడానికి సిగ్గేసింది, నాన్న రెండో చెప్పు తొడుక్కోవడం మర్చిపోయాడు, అది సరిచేసుకునేదేగా అన్నాడు, కాస్త వింతగా, తేలిగ్గా, గెలలో మచ్చ ఎక్కడుందో కొనేవాడు వేలుపెట్టి చూపిస్తే ఎలా ఉంటుందో అలా, ఆమెకి కళ్ళు చెమర్చాయి, ఒళ్ళు మండింది కూడా, ఈయన ఇంత తేలిగ్గా పుచ్చుకుంటాడని తెలిస్తే ఎప్పుడో చెప్పేది, వద్దనడం ఎంత సులువో ఆమెకి ఎప్పటినుంచో తెలుసు, ఎందుకు వద్దో చెప్పడం ఇంత సులువని మాత్రం ఇవాళే తెలిసింది.